నల్ల వీపు మీద పంది

వేల్స్ కొండల మధ్య మా వీధిలో మగవాళ్ళెవరూ వీపు కడుక్కునేవారు కాదు. కడిగితే నడుంలో బలం నీళ్ళతోపాటు పోతుందని నానమ్మ చెప్పేది. గనిలో మోకాళ్ళ మీద వంగి బొగ్గు తవ్వే మనిషికి నడుం పోతే ఇంకేం మిగులుతుంది? అందుకని సాయంత్రం నాన్న వచ్చి పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చోగానే అమ్మ ముఖం, ఛాతీ, చేతులు బాగా తోమి, వీపుని మాత్రం పొడిగుడ్డతో అద్ది వదిలేసేది. పదిహేనేళ్ళ బొగ్గు ఉండేది ఆ వీపు మీద. బంగాళాదుంపలు నాటితే చలికాలమంతా తినడానికి సరిపడా పండేవని నా అంచనా.

మా కొండ మీద గొర్రెలు కూడా నల్లవే. ఒకసారి ఎక్కడిదో తెల్ల గొర్రె దిగి వస్తే, పాపం జబ్బు చేసిందేమోనని అందరూ జాలిపడ్డారు.

ఆ శనివారం అమ్మ పక్కింటికి వెళ్తూ పొడిగుడ్డ నా చేతికిచ్చింది.

"అద్దు. అద్దడమే. వినపడిందా, తెగ్వెన్?"

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎదురుగా అంత పెద్ద నల్ల పలక. బడిలో మాకిచ్చేది అందులో పాతికో వంతు కూడా ఉండదు. వేలికి సబ్బు రాసుకుని పంది బొమ్మ మొదలుపెట్టాను.

"ఏంటే, తడిగా ఉంది?" అన్నాడు నాన్న.

"నీ చెమటే నాన్నా."

"చక్కిలిగింత పెట్టకే," అని నవ్వుతూ మెలికలు తిరిగాడు. సగం తొట్టి నేల మీదకొచ్చింది.

మూతి బాగా కుదిరింది. చెవులు కూడా. తోక దగ్గరికొచ్చేసరికి బయట మెట్ల మీద నానమ్మ కర్ర చప్పుడు. నానమ్మ ఆ మూడు మెట్లు ఎక్కేలోపు దేశంలో రాజులు మారిపోయేవారు కాబట్టి నాకు టైముంది. గుడ్డ తడిపి పందిని తుడిచేశాను. పంది పోయి, దాని చోట ఇంకా పెద్ద తెల్ల మచ్చ పడింది. అంచులు సరిచేద్దామని ఇంకాస్త రుద్దాను. నానమ్మ లోపలికొచ్చేసరికి వీపు మొత్తం తొక్క తీసిన బంగాళాదుంపలా మెరుస్తోంది.

నానమ్మ కుర్చీ పట్టుకుంది. "కడిగేసిందిరా, ఎమ్రిస్. నీ వీపు కడిగేసింది."

"ఒక్కసారికి ఏమైపోతుందమ్మా? వారంలో మళ్ళీ నల్లబడుద్ది."

"మీ నాన్నే ఉంటే సోమవారం నిన్ను గనిలోకి దిగనిచ్చేవాడు కాదు."

నాన్న నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "ఏం గీశావే? పందా?"

"ఊఁ."

"మూతి తెలిసింది. తోకేది?"

"టైం చాల్లేదు నాన్నా."

సోమవారం దిగాడు. పదకొండింటికి గని కూత మొదలై, ఎంతసేపటికీ ఆగలేదు. ఆడవాళ్ళంతా పిండి చేతులతోనే గని గేటు దగ్గరికి పరిగెత్తారు. గని లోపల పైకప్పు నుంచి రాయి పడింది. ఒక్కడి మీదే. వీపు మీద.

ఆస్పత్రిలో డాక్టరు నడుంలో సూది గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడట. "మొదలెట్టారా?" అన్నాడట నాన్న. నాలుగు నెలల తర్వాత ఇంటికి మోసుకొచ్చి ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. భుజాల కింద ఇక ఎప్పటికీ ఏమీ తెలియదని అమ్మ నానమ్మకి చెబుతుంటే విన్నాను.

నానమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నా రొట్టెకి వెన్న ఎక్కువ రాయడం మొదలుపెట్టింది.

పుళ్ళు పడకుండా అమ్మ రోజూ ఆ వీపు కడిగేది. అది రోజురోజుకీ తెల్లబడిపోతోంది. ఇలాగే వదిలేస్తే నాన్న ఎప్పటికీ లేవడు. ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు బకెట్ నిండా బొగ్గు నుసి తెచ్చాను. నాన్న గోడ వైపు తిరిగి ఉన్నాడు. చొక్కా ఎత్తి, రెండు చేతులతో పట్టించాను.

"బొగ్గు వాసనొస్తోంది. ఏం చేస్తున్నావే?"

"మళ్ళీ నల్లగా చేస్తున్నా. బలం రావాలిగా."



"రాయికి కళ్ళుంటాయటే? నల్ల వీపా, తెల్ల వీపా అని చూసి పడుద్దా?"

"నానమ్మ చెప్పిందిగా."

ఇంకా గట్టిగా రుద్దాను. అమ్మ బుట్టతో గుమ్మంలోకొచ్చింది. దుప్పటి మొత్తం నల్లగా ఉంది. చెంప మీద దెబ్బ కోసం ఎదురుచూశాను.

"మెడ దగ్గర వదిలేశావ్," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మెడ కూడా అయ్యాక నాన్న అన్నాడు, "సర్లే, ఇప్పుడు ఆ పందిని గీయి. ఈసారి తోక మర్చిపోకు."

గిన్నెలో సబ్బు నీళ్ళు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాను. వేలు ముంచాను.

"చక్కిలిగింత పెట్టకే," అని నాన్న గోడ వైపు చూస్తూ నవ్వాడు.

నా వేలు ఇంకా గిన్నెలోనే ఉంది.