తులసి నీళ్ల పక్కన

రేపల్లె నుంచి బాపట్ల వెళ్లాలంటే తెనాలిలో రైలు మారాలి. ఆ ఆదివారం తెనాలిలో పుష్పలత ఎక్కవలసిన బాపట్ల బండి ఆలస్యమైంది. బెంచీ మీద ఆమె పక్కన రాజారత్నం కూర్చున్నాడు. తెనాలిలో కంప్యూటర్ సెంటరు నడుపుతాడు. ఏడాదిగా ఇద్దరూ బాపట్ల ధ్యాన కేంద్రంలో శిక్షకుల తరగతికి కలిసే వెళ్తున్నారు. పాఠాలు, మౌన శిబిరాలు పూర్తయ్యాయి. ఇక మిగిలింది ఆచార్యులు శివరామయ్యగారితో ముఖాముఖి. అందులో నెగ్గినవారికే ఇతరుల చేత ధ్యానం చేయించే అర్హత.

“అందరినీ ఒకటే అడుగుతారంట అక్కా. నీ మనసు పూర్తిగా నిలిచిపోయింది ఎప్పుడు అని,” అన్నాడు రాజారత్నం. “నేను సూర్యలంక అని చెప్పేస్తా. సముద్రం ముందు కూర్చున్నాను, కాసేపటికి అలలు వినపడ్డం మానేశాయి అని.”

“నిజంగా మానేశాయా?”

“ఎక్కడక్కా. పక్కనే బజ్జీల బండి. కూర్చున్నంతసేపూ ఆ నూనె చప్పుడే.”

పుష్పలత నవ్వింది. ఆమెకు సముద్రంతో పని లేదు. ఆమె దగ్గర ఒక గంట ఉంది.

అది రెండు వేల నాలుగులో, తల్లి నాగమ్మ చివరి రోజున గడిచిన గంట. ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకువెళ్లమన్నారు. మంచం పక్కన స్టూలు మీద గిన్నెలో తులసి నీళ్లు, వాటిలో ఉద్ధరిణి. ప్రాణం పోయేవేళ ఆ నీళ్లు గొంతులో పోయడం కన్నబిడ్డ పని. నాగమ్మకు ఆమె ఒక్కతే బిడ్డ. శ్వాస ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడల్లా పుష్పలత చేయి ఉద్ధరిణి దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. మనసు కుదుటపరచుకుందామని, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పద్ధతిలో, కళ్లు మూసుకుని తన శ్వాసను గమనించసాగింది. అంతటి నిశ్చలతను ఆమె అంతకు ముందు ఎరగదు, తరువాతా ఎరగదు. కళ్లు తెరిచేసరికి తల్లి చేయి చల్లబడింది. నీళ్లు గిన్నెలో అలాగే ఉన్నాయి.

అది ధ్యానమా, పారిపోవడమా? ధ్యానమైతే ఆ గంటతో ఎలాగో బతకవచ్చు. పారిపోవడమైతే, తల్లి చివరి దాహాన్ని చూడలేక కూతురు తలుపు వేసుకున్నట్టు. లోపలి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. తేల్చి చెప్పగలవారు బయటివారే కావాలి. ఆమె శిక్షణలో చేరింది బోధించడానికి కాదు, చెప్పే అర్హత ఉన్న మనిషి ముందు ఆ ప్రశ్న పెట్టడానికి.

బాపట్లలో ముఖాముఖి గదిలో శివరామయ్యగారు కళ్లు మూసుకుని అంతా విన్నారు.

“నీళ్లు పోయలేదండి,” అని ఆమె మళ్లీ చెప్పింది, ఆ ఒక్క మాటా ఆయనకు వినపడలేదేమోనని.

“అది శరీరానికి సంబంధించిన సంగతమ్మా. నువ్వు చెప్పింది ధ్యానమే.”

“భయంతో మూసుకున్నానేమో సార్, కళ్లు.”

“ఎందుకు మూసుకుంటేనేం, మనసు నిలిచింది కదా. ధ్యానమే. సందేహం పెట్టుకోకు.”

ఆయన తొందరపడలేదు, గడియారం వైపు చూడలేదు. చూసి ఉంటే, తొందరలో అన్నారులే అని సరిపెట్టుకోవచ్చునని ఆమెకు తరువాత అనిపించింది.

తిరుగు రైల్లో రాజారత్నం, “నీకూ ధ్యానమేనన్నారా అక్కా? నాకూ అదే మాట. బజ్జీల సంగతి మాత్రం చెప్పలేదులే,” అన్నాడు.

అది విన్నాక కూడా ఆమె ఆ మాటను వదులుకోలేదు. ఆమెకు దొరికింది అదొక్కటే.

అర్హత దొరికాక రేపల్లెలో ఒక స్కూలు హాలులో సాయంత్రపు తరగతి మొదలుపెట్టింది. కళ్లు మూసుకోండి అనగానే అందరూ మూసుకునేవారు. తను మూసుకోలేకపోయేది. ఎదుటి గుండెలు లేచి పడడాన్ని ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చునేది. పక్కన ఎప్పుడూ గ్లాసుతో నీళ్లు పెట్టుకునేది. పాఠం చెప్పే గొంతు కదా, ఎండిపోతుందని వాళ్లనుకునేవారు.

ఒకరోజు, కళ్లు తెరవండి అన్నాక అందరూ తెరిచారు, ముందు వరుసలో ఆదిలక్ష్మి అనే పెద్దావిడ తెరవలేదు. పుష్పలత చేయి గ్లాసు మీదికి వెళ్లింది. అంతలో ఆవిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

“కాఫీ తెమ్మంటావా పిన్నీ, తెల్లారింది,” అంది వెనక నుంచి ఒకామె. అందరూ నవ్వారు.

ఆదిలక్ష్మి నవ్వలేదు. అందరూ లేచి చెప్పులు వేసుకుంటుండగా దగ్గరికి వచ్చింది.

“మా ఆయన మంచాన పడి ఉన్నారమ్మాయీ. ఈ గంటసేపూ ఆయన నాకు గుర్తే రాలేదు. ఇది ధ్యానమా, నా మనసు రాయైపోయిందా? నేర్చుకొచ్చినదానివి, నువ్వే చెప్పాలి.”

పుష్పలత తనలో వెతికింది. అక్కడ ఏమీ లేదు. ఆవిడకు ఏ జవాబు కావాలో మాత్రం తెలుసు.

“ధ్యానమేనండి,” అంది. “సందేహం పెట్టుకోకండి.”

గొంతు తడబడలేదు. ఆదిలక్ష్మి ముఖం తేటపడింది. మెట్లు దిగుతూ ఎవరితోనో ఆ మాటే చెప్పుకుంటూ వెళ్లింది. బాపట్లలో ఆ గదిలో తనకు ఇచ్చినదీ ఇలాంటి మాటేనని పుష్పలతకు అప్పుడు తెలిసింది. ఇక అడగడానికి ఎవరూ లేరు.

చాపలు చుట్టి మూలన పెట్టింది. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి. తాగలేదు, పారబోయలేదు. మూత పెట్టి, లైటు ఆర్పింది.