ఇస్త్రీ పడని మేజోడు

నేను ఒక మేజోడును. నైలానుతో, సాగే రబ్బరు దారంతో నేశారు నన్ను. చీలమండ దగ్గర గట్టిగా, మోకాలి వైపు పోయేకొద్దీ వదులుగా పట్టుకోవడం నా పుట్టుకతో వచ్చిన గుణం. నాకొక కవల ఉండేది. ఇద్దరం ఒకే అట్టపెట్టెలో సిద్దిపేట మందుల దుకాణానికి వచ్చి, అక్కడినుంచి బుచ్చవ్వ ఎడమ కాలికి చేరాం.

బుచ్చవ్వ, ఆమె భర్త కనకయ్య బస్టాండు వెనక ఇస్త్రీ బండి నడుపుతారు. ముప్పై ఏళ్లుగా పొద్దంతా నిలబడే పని. బుచ్చవ్వకు ఎడమ చీలమండ పైన చర్మం నల్లబడి, పొలుసులు రేగి, దురద పెడుతుంటే తామర అనుకుని తామర మందే రాసుకుంది. గీకి గీకి రక్తం తెచ్చుకుంది.

చివరికి దవాఖానకు పోతే, డాక్టరమ్మ మొదట పాదం మీద నాడి పట్టి చూసింది. “ఇది తామర కాదు బుచ్చవ్వా. సిరలల్ల రక్తం పైకెక్కక కిందనే నిలుస్తున్నది. ఆ వాపుకే తోలు పాడైంది. ఇట్లనే ఇడిశిపెడితే పుండు పడుతది. పడితే నెలల దాకా మానదు.”

“నెలలు కూసుంటే బండి కాడ ఎవరు నిలబడాలె తల్లీ?” బుచ్చవ్వకు అదొక్కటే భయం.

డాక్టరమ్మ పూతమందు ఇచ్చి, రోజూ మంచం దిగకముందే మేజోడు తొడగమంది. కవలా నేనూ రోజుకొకరం వంతులు వేసుకున్నాం. మూడో రోజు కనకయ్యకు ప్రేమ పొంగింది. ఊరందరి చొక్కాలు చక్కజేసే తాను ఇంటిదాని మేజోడును ముడతలతో వదలడమేమిటనుకుని, నిండుగా కాగిన బొగ్గుల పెట్టెను నా కవల మీద పెట్టాడు. ఒక్క రుద్దుకే అది కరిగి పెట్టెకు అంటుకుపోయింది.

“దీనికి ఇస్త్రీ ఏందయ్యా? నేనేమన్న కలెక్టరాఫీసుకు పోతున్ననా?”

“ముడతలు మంచిగ లెవ్వని జేసిన.”

“నీ మంచితనం సల్లగుండ! నా కాలి మీదికే తెచ్చినవు.”

మనుషుల ప్రేమ అప్పుడప్పుడు మరీ వేడి మీద ఉంటుంది. దుకాణంలో ఆమె కొలతది మరో జత లేదు. భారమంతా నా మీదే పడింది.

కనకయ్య తప్పు దిద్దుకున్నాడు. సాయంత్రం నన్ను చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేసేవాడు. తెల్లవారగానే ఆమె కాలు నేలకు దిగకముందే తొడిగి, ముడతలన్నీ అరచేత్తోనే సరిచేసేవాడు. కాయలు కాసిన ఆ చెయ్యి అంత మెత్తగా ఉంటుందని నేననుకోలేదు. మధ్యాహ్నం ఆమె బట్టల మూటల మీదికి కాళ్లెత్తి పడుకుంటే గిరాకీలను తానే చూసుకునేవాడు.

“ఏందే బుచ్చక్కా, దొరసాని లెక్క పండుకున్నవు?” అని టీకొట్టు మల్లేశు ఎగతాళి చేస్తే కనకయ్యే జవాబిచ్చాడు: “అవ్, దొరసానే! నీ చాయ్ మాడుతున్నది, సూస్కో పో.”

ఆరు నెలలకు డాక్టరమ్మ బొటనవేలితో కాలిని నొక్కింది. గుంట పడలేదు, వాపు దిగింది. నలుపు పూర్తిగా పోలేదు గానీ పొలుసు లేదు, దురద లేదు. తర్వాత నన్ను సాగదీసి చూసి, “దీని పట్టు అయిపోయింది. కొత్తది తెప్పించిన. మానిందని తొడుగుడు బంద్ పెట్టొద్దు,” అంది. బుచ్చవ్వ నన్నొకసారి నిమిరి అక్కడి చెత్తడబ్బాలో వేసింది.

నా చుట్టూ ఎవరెవరివో పుండ్లకు కట్టి విప్పిన కట్లు. పాపం, ఆ కాళ్లూ నిలబడి బతికేవే కాబోలు, త్వరగా మానాలి. నాకు పని ఇచ్చిన కాలికి దండం పెట్టుకుంటున్నాను. ఈ కట్లలో ఒక్కటీ ఆ కాలిది కాదు.