ఉగ్గుగిన్నెలో చిన్న మాత్ర

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. ప్రొద్దుటూరు కంసాలి ఒకాయన నా ముక్కు కాస్త వంకరగా పెట్టాడు. అందువల్ల పాలు పిల్లల నోట్లోకి ఎంత పోతాయో, పట్టేవాళ్ల ఒళ్లోకీ అంతే పోతాయి. అరవై ఏళ్లుగా తిట్లు మాత్రం నాకే.

నన్ను చేయించింది ఓబులమ్మ పుట్టినప్పుడు. తర్వాత ఆమె తమ్ముడు పుల్లయ్య నాతోనే పాలు తాగాడు. పెద్దయ్యాక ఓబులమ్మ తన కొడుక్కి పుల్లయ్య కూతురు సుగుణనే చేసుకుంది. మేనరికమైతే బయటివాళ్లతో పేచీ ఉండదని ఆమె లెక్క. పేచీ పెట్టుకోవడానికి మనుషులకు బయటివాళ్లే కావాలా!

సుగుణకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడవదు. పాలకు లేపితే గానీ లేవదు. "బంగారు బిడ్డ! అమ్మను రవ్వంత గూడా సతాయించదు" అని ఓబులమ్మ వీధంతా చెప్పుకుంది. నాతో పట్టిన పాలు పిల్ల పెదవి దగ్గరే ఆగిపోతున్నాయని నాకు తెలుసు. గిన్నె మాట ఎవరు వింటారు? పుట్టాక వచ్చిన పచ్చకామెర్లు పదిహేనో రోజుకీ తగ్గకపోయేసరికి సుగుణ పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిల్ల బట్టల సంచిలో నేనూ వెళ్లాను.

మడమలో సూది గుచ్చి రక్తం తీశారు, మెడకు స్కాన్ చేశారు. మర్నాడు డాక్టరమ్మ చెప్పింది. పిల్ల మెడలో థైరాయిడ్ గ్రంథి ఉంది గానీ, హార్మోను తయారుచేయడం దానికి చేతకాదు. ఆ హార్మోను లేకపోతే మెదడు ఎదగదు. ఈ రోజు నుంచే రోజూ చిన్న మాత్ర ఇవ్వాలి. ఇలాంటి లోపం జన్యువుల నుంచే వస్తుంది.

ఓబులమ్మ కోడలి వైపు తిరిగింది. "మా పక్క ఎవురికీ ఇట్లాంటిది ల్యాదు. మీ పక్క నుంచే వచ్చింటాది."

డాక్టరమ్మ కాగితం తీసి వంశవృక్షం గీయసాగింది. "లోపమున్న జన్యువు ఒకటే ఉంటే మనిషి బాగానే ఉంటాడమ్మా. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు చేరితేనే ఈ జబ్బు. సుగుణ వాళ్ల నాన్న మీకేమవుతారు?"

"నా తమ్ముడే."

తల్లి వైపు గీత, తండ్రి వైపు గీత రెండూ పైకి వెళ్లి ఒకే అమ్మానాన్నల దగ్గర కలిశాయి. "మీకింకా తోబుట్టువులు ఉన్నారా?"

"గంగన్నని చిన్న తమ్ముడు ఉండె. ఎనిమిదేండ్లకు గూడా మాటలు సరిగా రాల్యా. మెడకాడ వాపు ఉండె. సోమరోడని నేనే కొడ్తాంటి. పదేండ్లకే పోయినాడు" అని ఓబులమ్మ ఏడ్చింది. ఆ గంగన్నకూ పాలు నాతోనే పట్టారు. నాకూ దుఃఖమొచ్చింది.

ఆ రోజు నుంచి మాత్రను పొడి చేసి, తల్లిపాలలో కలిపి పట్టే పని ఓబులమ్మ ఎవరికీ వదల్లేదు. నెల తిరిగేసరికి పిల్ల కాళ్లు తన్నుతూ నన్ను రెండుసార్లు కింద పడేసింది. నా అంచు సొట్టపోయింది. అంత సంతోషంగా నేనెప్పుడూ సొట్టపోలేదు.

ఆ పిల్లకు పావని అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆరేళ్లు. మాత్ర తానే నీళ్లతో మింగుతుంది. నేను అద్దాల బీరువాలో హాయిగా కూర్చుని అన్నీ వింటుంటాను. మొన్న ఓబులమ్మ గంగన్న కథ చెబితే పావని అంతా విని నిలదీసింది.

"అవ్వా, మరి ఆ తాతకు మాత్ర ఎందుకియ్యల్యా?"

"మాకు తెలీల్యా తల్లీ" అంటూ ఓబులమ్మ కళ్లు తుడుచుకుంది. వెంటనే వంటింటి వైపు కేకేసింది. "సుగుణా, ఇన్యావా? నీ కూతురు ఎంత మాట అడిగిందో సూడు!"