చివరి రెండంకెలు

గ్లౌజులాయన ఏ వస్తువునూ తిన్నగా చేత్తో పట్టుకోడు. టీ గ్లాసుకు జేబురుమాలు చుడతాడు. తాళంచెవిని చొక్కా అంచుతో అందుకుంటాడు. కొడుకు పుట్టినప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తువ్వాలును కూడా ఓసారి అనుమానంగా చూసి గానీ పసివాణ్ణి ఎత్తుకోలేదు. మంచం మీద పడుకున్న భార్య చూసి చూసి, "వాడు మీ రాయి కాదండీ, ముట్టుకుంటే బరువు మారడు" అంది.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఉద్యోగం అలాంటిది. తూనికలూ కొలతల ప్రయోగశాలలో కిలో రాయికి కాపలాదారు. దాన్ని ఎవరైనా రాయి అని పిలిస్తే ఆయనకు ఒళ్ళు మంట. అది ప్లాటినంలో కాస్త ఇరిడియం కలిపి పోసిన దిమ్మ, నిమ్మకాయకు అటూ ఇటూగా ఉంటుంది. నేలమాళిగ గదిలో, ఒకదాని మీద ఒకటి బోర్లించిన గాజు మూతల కింద కొలువుంటుంది. దేశంలో కొట్టుకొట్టునా ఉన్న కిలో రాళ్ళన్నీ వరసకు దాని పిల్లలూ, మనవలూ, మునిమనవలూ. దాన్ని కదపాలంటే చేతులకు గ్లౌజులుండాలి, తోలుగుడ్డ చుట్టిన పటకారుండాలి, ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలి. వేలిముద్ర పడిందా, చెమటా జిడ్డూ అంటుకుని దాని బరువు పెరుగుతుంది. అయినా తప్పు దానిదని అనడానికి లేదు. కిలో అంటే అదే కాబట్టి, దేశంలో మిగతా సరుకంతా తేలికైపోయినట్టు లెక్క.

అందుకని ఆయన ఉద్యోగమంతా దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకుండానే గడిచిపోయింది. భార్య దానికి 'సవతి' అని పేరు పెట్టింది. సాయంత్రం ఇంటికి రాగానే, "సవతి కులాసాయేనా?" అని అడిగేది. ఆయన కూడా ఏ మాత్రం నవ్వకుండా, "కులాసాయే" అనేవాడు.

కోడలు ఆ ఇంటికి వచ్చిందీ రాయి పుణ్యమే. చదువు ముగించుకుని ప్రయోగశాలలో చేరిన కొత్తలో, ఆ దిమ్మను ఎలా తుడవాలో, ఎలా ఎత్తాలో ఆమెకు నేర్పింది ఆయనే. పిల్ల చెయ్యి వణకదు, ప్రశ్న వేయడానికి జంకదు, తెలియకపోతే తెలియదని చెబుతుంది. ఆయనకు తెగ నచ్చింది. కొడుక్కి అడిగాడు. పెళ్ళయ్యాక మామా కోడళ్ళిద్దరూ ఒకే బస్సులో వెళ్ళి, ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. దారి పొడవునా మాటలే. కొడుకు పళ్ళ డాక్టరు, సొంతంగా మాట్లాడటం అతనికి అంతగా చేతకాదు. ఇంట్లో ఇద్దరి మధ్యా కూర్చుని ఊ కొట్టేవాడు.

ఆయన రిటైరయ్యాక కోడలు అదే భవనంలో కరెంటుతో బరువు తూచే ఓ కొత్త త్రాసు మీద పనిచేసింది. ఆ తర్వాత కొంతకాలానికి ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా కూడబలుక్కుని, కిలో అంటే ఇక లోహపు ముక్క కాదు, ప్రకృతిలో ఎన్నటికీ మారని ఒక అంకె నుంచి దాన్ని రాబట్టాలి అని తీర్మానించారు. ఆ సాయంత్రం కోడలు చెప్పులు కూడా విప్పకుండా వచ్చి, అందరికంటే ముందు మామగారికే చెప్పింది. ఆయన సంతోషిస్తాడనే అనుకుంది పాపం. ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, "అయితే నేనింతకాలం చేసింది దుమ్ము దులపడమన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన కోడలితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే భార్య వైపు తిరిగి, "నీ కోడలికి చెప్పు, గొడుగు మర్చిపోతోందని" అంటాడు. కోడలు ఎదురుగానే ఉంటుంది. అత్తగారు ఆ మాట అప్పజెప్పకుండా ఇద్దరి ముఖాలూ చూస్తుంది. నిజానికి ఆయనకు ఉన్నది కోపం కాదు, సిగ్గు. బతుకంతా కంటికి రెప్పలా కాచుకున్నది కాపలా అక్కర్లేని వస్తువని తేలితే, ఆ కాచిన మనిషి ఎవరి ముఖం చూస్తాడు? అందులోనూ ఆ మాట తెచ్చింది తాను పని నేర్పిన పిల్ల. ఆమెతో మాట్లాడకపోతే ఆయనకు రోజు గడవడం లేదు. మాట్లాడదామంటే ముఖం చెల్లడం లేదు.

ఇంతలో ప్రయోగశాల వాళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ పిలిచి ఈ మార్పు గురించి చెప్పాలని సభ పెట్టారు. మాట్లాడే పని కోడలి మీద పడింది. వంటింట్లో నిలబడి అత్తగారి ముందూ, మొగుడి ముందూ సాధన మొదలుపెట్టింది. క్వాంటం అంది, స్థిరాంకం అంది, ఇంకేదో అంది. డాక్టరుగారు కళ్ళు తెరిచే నిద్రపోయాడు. ఎలా ఉందని అడిగితే అత్తగారు ఆలోచించి, "నాకు బాగా అర్థమైంది ఒక్కటేనమ్మా. మధ్యలో నీళ్ళు తాగావు" అంది.

పక్కగదిలో గ్లౌజులాయన ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాడు. పేజీ తిప్పడం మర్చిపోయాడు.

కోడలు నవ్వేసి పంచదార డబ్బా తీసింది. గిన్నెలోకి నెమ్మదిగా వంచి, దూరం నుంచి చూస్తే ధార నీళ్ళలాగే పడుతుంది కదా అని అడిగింది. దగ్గరికొస్తే గింజలు. వెలుగు కూడా అంతేనని, ధారలా కనిపిస్తుంది గానీ వచ్చేది గింజలు గింజలుగానేనని చెప్పింది. సగం గింజ ఇమ్మంటే ఇవ్వదు. ఎర్ర వెలుగుకు గింజ చిన్నది, నీలం వెలుగుకు పెద్దది. కానీ ఏ రంగుకు ఎంత గింజ అని తేల్చే అంకె మాత్రం ఒక్కటే. ప్లాంక్ స్థిరాంకం అంటే అదే. ఈ వంటింట్లోనూ అదే, ఆకాశంలో చుక్కల్లోనూ అదే. అరగదు, తుప్పు పట్టదు, దొంగలెత్తుకుపోరు.

"అంటే సృష్టి మొత్తానికీ ఒకటే చెంచా అన్నమాట" అంది అత్తగారు.

కోడలు ఆవిడ బుగ్గ పట్టుకుని ముద్దాడినంత పని చేసింది. పక్కగదిలో పెద్దాయనకు కూడా ఇష్టం లేకుండానే అర్థమైపోయింది. బాగా చెప్పింది అనుకున్నాడు, అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి, "కాబట్టి పాత రాయి మీద మనం ఇక ఆధారపడక్కర్లేదు" అన్న మాట వినబడింది. పేపరు మడిచి బయటికి నడిచాడు. గుమ్మంలో కోడలు ఎదురైంది. ఆయన ఆ మాట విన్నాడని తెలిసి ఆమె ముఖం పాలిపోయింది. సభకు మావయ్యని తప్పకుండా రమ్మనండి అని అత్తగారితో చెప్పింది, కళ్ళు మాత్రం ఆయన మీదే పెట్టి.

ఆయన రానన్నాడు, భార్యతోనే. ఆవిడ బతిమాలలేదు. సభ రోజున తల దువ్వుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, రాయిని తూకాల్లోంచి తప్పించేశారట, ఇకమీదట అద్దాల బీరువాలో పెడతారట, ఇవాళ దాన్ని వేదిక మీదికి తెస్తారట అంది. అని కొడుకునూ కోడల్నీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పెద్దాయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. నేలమాళిగ నుంచి వేదిక దాకా ఎవరు మోసుకొస్తారు? మెట్లు జాగ్రత్తగా ఎక్కుతారా? ఊపిరి పక్కకు వదలాలని వాళ్ళకు చెప్పినవాడెవడు? కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, బీరువాలోంచి పాత గ్లౌజులూ తోలుగుడ్డా తీసి జేబులో కుక్కుకుని బస్సెక్కాడు.

హాలు నిండిపోయింది. ఆయన చివరి వరసలో స్తంభం పక్కన కూర్చున్నాడు. వేదిక మీద బల్ల, దాని మీద గాజు మూతల కింద రాయి. దాన్ని చూడగానే ఆయన ప్రాణం లేచివచ్చింది. కోడలు పంచదార పోసి చూపించింది, జనం నవ్వారు, తలలూపారు. తర్వాత కరెంటు త్రాసు గురించి చెప్పింది. దానికి ఒకపక్క రాయి ఉంటుంది. రెండో పక్క రాయికి బదులు అయస్కాంతం మధ్యలో రాగితీగ చుట్ట. తీగలోకి కరెంటు పంపితే అది కిందికి లాగుతుంది. రెండు పక్కలూ సరితూగేదాకా పంపుతారు. ఆ కరెంటును కూడా గింజల లెక్కన కొలవచ్చు, ఆ లెక్క తేల్చేది చెంచా అంకే. అలా బరువునూ అంకెనూ కలిపి ముడివేశారు.

అంతదాకా బాగానే ఉంది. అప్పుడామె గాజు మూతలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టి, అసలు కిలోని ఎవరైనా చేత్తో పట్టుకుని చూస్తారా అని అడిగింది. ముందు వరసలోంచి ఒక కిరాణా కొట్టాయన, పుట్టినప్పట్నుంచీ తూచడమే పనిగా బతికినవాడు, ఉత్సాహంగా లేచి వేదికెక్కి చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్!"

హాలంతా వెనక్కి తిరిగింది. గ్లౌజులాయన అప్పటికే రెండు చేతులకూ గ్లౌజులు తొడిగేసుకుని నడవలో పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టాయన దొంగతనం చేస్తూ దొరికినట్టు చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. పెద్దాయన వేదిక ఎక్కి, ఆయాసపడుతూ, అలవాటు కొద్దీ ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదిలి, కోడలి వైపు చూశాడు.

"ఏంటమ్మాయ్, వట్టి చేత్తోనా?"

ఇన్ని నెలల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. కోడలికి కళ్ళు చెమర్చాయి. మైకు పక్కకు జరిపింది గానీ ఆ నిశ్శబ్దంలో మాట అందరికీ వినబడింది.

"వట్టి చేత్తోనే మావయ్యా. కానీ మొదట మీరు."

ఆయన కదల్లేదు. ఆమె జనం వైపు తిరిగి, ఈయన మా మావయ్య, ఈ రాయిని ఒక్కసారి కూడా ముట్టుకోకుండా కాపాడిన మనిషి అని చెప్పింది. ఈయన కాలంలో దీని మీద ఒక్క వేలిముద్ర పడి ఉంటే మన తూకాలన్నీ ఆ మేరకు తప్పేవి అంది. తర్వాత, కాగితంలో లేని మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. దాన్ని మొదట కొలవాలి కదా, దేంతో కొలవాలి? అప్పటికి కిలో అంటే ఇలాంటి రాళ్ళే. కొన్ని దేశాల్లో ఇలాంటి రాళ్ళని త్రాసులో పెట్టి, వాటి బరువుని బట్టే అంకెని రాబట్టారు. మేం మన రాయిని పెట్టి చూశాం. మాకూ అదే అంకె వచ్చింది. అందరిదీ సరిపోయాకే దాన్ని ఖాయం చేశారు. ఇక అది మారదు. ఈ రాయి మురికిపట్టి ఉంటే మాకు తప్పు అంకె వచ్చేది మావయ్యా."

పెద్దాయన ఆ మాటలు విన్నాడు. కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడి చేతి గ్లౌజు నెమ్మదిగా, ఒక్కో వేలూ లాగుతూ తీశాడు. చూపుడువేలు చాపి రాయి మీద ఆనించాడు.

ఆనించి, అలాగే ఉండిపోయాడు. తర్వాత అరచెయ్యి మొత్తం దాని మీద వేశాడు, జ్వరం చూసినట్టు.

"చల్లగా ఉంది" అన్నాడు. కింద మొదటి వరసలో ఆయన భార్య చీర కొంగుతో కళ్ళొత్తుకుంటూ, పక్కనున్న కొడుకుతో, "సవతి మీద చెయ్యి వేశారు చూడరా" అంది.

చెయ్యి తీయగానే మెరుపు మీద ముద్ర మసకగా కనబడింది. ఆయన గాభరాగా జేబులోంచి తోలుగుడ్డ తీశాడు. కోడలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇప్పుడు రాయి బరువు పెరిగింది, కిలో మాత్రం పెరగలేదు, ఇంతకంటే బాగా నేను చెప్పలేను అని జనానికి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టాయన ఇక నా వంతా అన్నట్టు పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఆయన కాస్త తటపటాయించి, "చేతులు తుడుచుకో" అన్నాడు.

ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో కొడుకు తనంతట తానే లేచి తల్లి పక్కకు మారాడు. మామా కోడళ్ళిద్దరూ పాత రోజుల్లోలా ఒకే సీట్లో కూర్చున్నారు. ఆయన వేళ్ళను ఒకదాంతో ఒకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఆ అంకె ఒకసారి చెప్పమ్మాయ్."

"ఆరు పాయింటు ఆరు, రెండు, ఆరు, సున్నా, ఏడు, సున్నా, ఒకటి, అయిదు" అని చెప్పిందామె. దాని ముందు ఇంకా బోలెడు సున్నాలుంటాయని, అది అంత చిన్నదని చెప్పింది.

ఆయన తిరిగి అప్పజెప్పబోయి మధ్యలో ఒక సున్నా మింగేశాడు. ఆమె సరిదిద్దింది. మళ్ళీ మొదలుపెట్టాడు. దానికి కాపలా అక్కర్లేదు మావయ్యా అందామె నవ్వుతూ. తెలుసన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"ఇందులో మన రాయి ఎక్కడుంది?"

"చివర్లో. మొదటి అంకెలు చేతులు ఎలా ఉన్నా వచ్చేస్తాయి మావయ్యా. ఒక్క వేలిముద్ర పడినా తప్పిపోయేవి ఆ చివరి రెండే. అవి చేతులు శుభ్రంగా ఉంటేనే వస్తాయి."

ఆయన బస్సు సందడిలో ఎవరికీ వినబడకుండా ఆ అంకెను మొదటి నుంచీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మొదటివన్నీ గబగబా చెప్పేశాడు. చివరికొచ్చేసరికి నెమ్మదించి, "ఒకటి, అయిదు" అని తాపీగా అన్నాడు. అని, కోడలు మళ్ళీ గొడుగు మర్చిపోకుండా సీటు కింద నుంచి తీసి, వట్టి చేత్తో ఆమెకు అందించాడు.