జరీ తొడిగిన గిటార్

ధర్మవరం రిసెప్షన్‌లో గిటార్ మోత పెడితే ఝాన్సీ సీటు పోతుంది. వ్యానులో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు.

కుళ్ళాయప్ప హిందూపురంలో ఆర్కెస్ట్రా నడుపుతాడు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, జాతరలు ఏవి వచ్చినా వదలడు. ఆరు నెలల కిందట పెనుకొండ చర్చిలో బేస్ గిటార్ వాయించే ఝాన్సీని తన బృందంలోకి తీసుకున్నాడు. ఆ పిల్ల పగలంతా సెల్‌ఫోన్లు రిపేరు చేస్తుంది. వేళ్ళు మాత్రం పాట కింద నేల పరిచినట్టు నడుస్తాయి.

చిక్కంతా గిటార్‌తోనే వచ్చింది. బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో దొరికిన చౌక రకం అది. రంగు పెచ్చులు లేచి ఉన్నా ఝాన్సీ పట్టించుకోలేదు. గిటార్‌ను కంటి ఎత్తుకు లేపి, మెడ పొడవునా చూసింది. వంకర లేదు. మెడ తిన్నగా ఉంటే మిగతావన్నీ మార్చుకోవచ్చునని కొనేసింది. అన్నట్టే మరలు మార్చింది, నాబ్‌లు మార్చింది, మెడ మీద వేళ్ళకు గీసుకునే లోహపు మెట్ల, అంటే ఫ్రెట్ల, అంచులను ఉప్పుకాగితంతో అరగదీసింది. శబ్దం బాగా తేలింది. ఒక్క మోత మాత్రం పోలేదు.

పోయిన వారం పెనుకొండలో స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ వెలిగించగానే ఆ మోత మొదలైంది. తీగ ముట్టకుండానే స్పీకర్ల నిండా గుయ్యిమని ఒకటే రొద. పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి, "ఏమబ్బా, స్పీకర్లో కందిరీగలు గూడు పెట్టినాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది. కుళ్ళాయప్ప నవ్వలేదు.

"ధర్మవరంలో ఒక్కసారి చూస్తా పాపా," అన్నాడు ఆమెతో. "మోత పోతే ఉంటావు. పోలేదంటే బాలాజీ కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ వాయించుకుంటాడు. నీతో పని లేదు."

మోత ఎందుకు వస్తుందో ఝాన్సీకి తెలుసు. గిటార్ పొట్టలో వైర్లుండే గుంత చుట్టూ లోహపు రేకు తొడగాలి. దాన్ని ఎర్త్ వైరుకు కలపాలి. బయటి కరెంటు గోల అప్పుడు లోపలికి రాదు. దానికి రాగి టేపు ఆన్‌లైన్‌లో తెప్పించింది. పార్శిల్ హిందూపురం దాకా వచ్చి, పెనుకొండకు చేరకుండా అక్కడే ఆగిపోయింది.

వ్యాను మధ్యాహ్నం ధర్మవరం చేరింది. పాటల వరస ఖాయం చేద్దామని పెళ్ళికొడుకు తండ్రి జయరామ్ వాళ్ళను తన కొట్టుకు పిలిచాడు. పట్టుచీరల కొట్టు. ఆ వీధిలో ఆయన మాటకు ఎదురు లేదు. ఆ ఊళ్ళో ఏ షావుకారు ఇంట్లో శుభకార్యం జరిగినా ఆర్కెస్ట్రా ఎవరిదో చెప్పేది ఆయనే.

గల్లా పక్కన పాడైన టిష్యూ బట్ట ముక్కలు పడి ఉన్నాయి. అడ్డంగా నేసే పోగు, పేక, మొత్తం జరీ. ఝాన్సీకి ఠక్కున ఒకటి తట్టింది. పాత జరీ చీరలు కొంటానని వీధిలో అరిచే ఒకడికి ఝాన్సీ అవ్వ కొండమ్మ ఒకప్పుడు తన పెళ్ళిచీర అమ్మింది. ఆ మనిషి దాన్ని కాల్చి, వెండి ఏరుకొని పోయాడు. జరీ అంటే లోహం. లోహమైతే చాలు.

"సార్, ఒక ముక్క ఇస్తారా? గిటార్‌కు కావాల," అంది.

జయరామ్ నవ్వాడు. "చీర కట్టిస్తావా దానికి? తీసుకో తల్లీ. మా కోడలు ముహూర్తం చీర నేసిన మగ్గంలోనే మిగిలిన ముక్క అది. మా దాంట్లో వెండి తప్ప వేరే మాటుండదు. ఏమప్పా కుళ్ళాయప్పా?"

"అవున్సార్," అన్నాడు కుళ్ళాయప్ప. వ్యాపారస్తుడు చెప్పే మాటలకు ఆయన సాధారణంగా అదే జవాబిస్తాడు.

కల్యాణమండపంలో స్టేజీ పక్కనున్న చిన్న గదిలో ఝాన్సీ గిటార్ విప్పింది. గుంతంతా జరీ బట్ట అంటించింది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ఎర్త్ వైరును బట్ట మీద పెట్టి, ఐరన్ మొన ఆనించింది.

జరీ ముడుచుకుపోయింది. నల్లటి ఉండై మొనకు అంటుకుంది. గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన లేచింది.

ఝాన్సీ మీటర్ తీసింది. లోహానికి రెండు ముళ్ళు ఆనిస్తే కుయ్యిమని కూసే మీటర్ అది. బట్ట మీద ఒక చోట పెట్టింది. కూయలేదు. ఇంకో చోట పెట్టింది. కూయలేదు.

"ఏమైంది?" అన్నాడు బాలాజీ, కీబోర్డుకు వైర్లు తగిలిస్తూ.

"ఇది జరీ కాదన్నా. ప్లాస్టిక్."

బాలాజీ వైరు వదిలేసి లేచాడు. తలుపు మూసి వచ్చాడు. "గట్టిగా అనొద్దు. పెళ్ళికూతురు వాళ్ళు చీరలన్నీ ఈయప్ప కొట్లోనే తీసినారు. నల్లచెరువు నుంచి వచ్చినారు పాపం, టమాటా తోట మీద వచ్చిందంతా ఈడనే పోసినారు."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. జయరామ్ నిలబడి ఉన్నాడు. కాలిన వాసన ఆయన దాకా పోయినట్టుంది. ఆయన గిటార్ వైపు చూశాడు, మీటర్ వైపు చూశాడు.

"బాలాజీ, నువ్వు కొంచెం బయటికి పో," అన్నాడు. బాలాజీ పోయాక గొంతు తగ్గించాడు. "నీ సీటు మీద కత్తి ఉందని విన్నాలే. వైరు కాలిందని చెప్పు. కుళ్ళాయప్పతో నేను మాట్లాడతా. ఈ ఊళ్ళో నేను పిలిచే ప్రతి ఫంక్షన్‌లో నువ్వుంటావు. సరేనా?"

"మోత పోవాల కద సార్, ముందు."

"అది నీ పని. నోటి పని మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి." ఆయన వెళ్ళిపోయాడు.

ఝాన్సీ ఎక్కువసేపు ఆలోచించలేదు. జరీ మొత్తం పీకేసింది. వంటవాళ్ళ దగ్గరికి పోయి రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు అడిగి తెచ్చింది. దానికి టంకం అంటదు. అందుకని గుంత నిండా రేకు పరిచి, ఎర్త్ వైరును స్క్రూ కింద బిగించింది. మీటర్ పెట్టింది. కుయ్యిమంది.

స్టేజీ ఎక్కి వైరు తగిలించింది. ఎల్‌ఈడీ గోడ వెలిగింది. స్పీకర్లలో చప్పుడు లేదు. కుళ్ళాయప్ప చెవి స్పీకర్‌కు ఆనించి విన్నాడు. "వాయించు," అన్నాడు. ఆమె లావు తీగ మీటింది. స్టేజీ చెక్కలు పాదాల కింద అదిరాయి. తీగ మీద అరచెయ్యి వేయగానే పూర్తిగా నిశ్శబ్దం.

"పోయింది," అన్నాడు కుళ్ళాయప్ప. అంతకు మించి పొగడటం ఆయనకు రాదు.

ఝాన్సీ నోరు మూసుకుంటే కథ అక్కడితో అయిపోయేది.

కిందినుంచి పెళ్ళికూతురి తల్లి సులోచన వచ్చింది. వెనక ఆమె అత్త, ముసలావిడ, నడుం పట్టుకొని నడుస్తోంది. "ఏందో కాలింది ఈడ. వాసనొస్తాండాది. పెళ్ళి పందిట్లో ఏంది కాలింది?"

వాళ్ళ వెనకే స్టేజీ ఎక్కిన జయరామ్ వెంటనే అందుకున్నాడు. "ఏం లేదు చెల్లెమ్మా. ఈ పిల్ల గిటార్ వైరు. చౌక గిటారు కదా, చౌక పని. పోండి, బంధువులొస్తాండారు."

"నేను ఈ పాపను అడుగుతాండా అన్నా," అంది సులోచన.

అందరూ ఝాన్సీ వైపు చూశారు. గిటార్ భుజానికి వేలాడుతోంది. చౌక అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ గిటార్ మీద ఆమె అరగదీయని అంగుళం లేదు.

"నా గిటారు చౌకదేనమ్మా," అంది. "చౌకదని చెప్పే వాయిస్తా. కాలింది వైరు కాదు. సార్ ఇచ్చిన జరీ. దాంట్లో వెండి లేదు, లోహముంటే ఈ మీటర్ కూసేది."

"అది వేస్టు ముక్క!" అన్నాడు జయరామ్. "కొట్లో నూరు రకాలుంటాయి. ఏ ముక్క ఏ చీరదో ఎవరికి తెలుసు?"

"మీరే అంటిరి కద సార్, ముహూర్తం చీర మగ్గంలోనే మిగిలిందని."

సులోచన కుళ్ళాయప్ప వైపు తిరిగింది. "నువ్వూ విన్నావా అప్పా?"

కుళ్ళాయప్ప జయరామ్ ముఖం చూశాడు. ఈ ఊళ్ళో రాబోయే సీజన్ అంతా ఆ ముఖంలోనే ఉంది. "విన్నానమ్మా," అన్నాడు.

సులోచన తన చీర కొంగు చాచింది. "దీనికి పెట్టు పాపా, నీ మిషను."

ఝాన్సీ ముందు ఆమె బంగారు గాజుకు ముళ్ళు ఆనించింది. కుయ్యిమంది. తర్వాత కొంగు అంచుకు పెట్టింది. చప్పుడు లేదు. అంచు పొడవునా జరిపింది. చప్పుడు లేదు. ముసలావిడ ముందుకొచ్చి తన వెలిసిపోయిన చీర అంచు పట్టి చూపించింది. "నా పెళ్ళినాటిది. దీనికీ పెట్టమ్మా."

ముల్లు ఆనగానే మీటర్ కూసింది.

"ఓరి నాయనో," అంది ముసలావిడ. "ముసలిదానికి వెండి, పడుచుదానికి ప్లాస్టిక్కా?"

అప్పటికే నల్లచెరువు ఆడవాళ్ళు నలుగురు స్టేజీ మెట్ల దగ్గర కొంగులు పట్టుకొని నిలబడ్డారు. సులోచన ఏడవలేదు, అరవలేదు. "పిల్లోని తప్పేం లేదు. అక్షింతలు పడినాయి, పెళ్ళి పెళ్ళే," అంది. "చీరల మాట రేపు పొద్దున కొట్లో మాట్లాడతాం అన్నా. అందరం వస్తాం." కిందికి దిగి ముందు వరస కుర్చీలో కూర్చుంది.

జయరామ్ కుళ్ళాయప్ప చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "ఆ పిల్లను దించు. ఇప్పుడే. లేదంటే మీరంతా వ్యాను ఎక్కండి. ఈ ఊళ్ళో మళ్ళీ మైకు పట్టుకోవు నువ్వు."

కుళ్ళాయప్ప చెయ్యి విడిపించుకున్నాడు. "మోత పోతే ఉంటావని చెప్పినా సార్ ఆమెకు. పోయింది."

"నేను చెప్తాండేది నీకు అర్థమైతాందా?"

"అయితాంది సార్. ఇంకొకటి కూడా చెప్తా, వినండి. హాలు నిండిపోయింది. ఇప్పుడు మేము వ్యాను ఎక్కితే పాటలేల లేవని వచ్చినోళ్ళంతా అడుగుతారు. ఏమని చెప్తారు?"

జయరామ్ హాలు వైపు చూశాడు. షావుకార్లు కుటుంబాలతో లోపలికి వస్తున్నారు. ఆయన చేతులు జోడించి, నవ్వు తగిలించుకొని, వాళ్ళకు ఎదురెళ్ళాడు.

కుళ్ళాయప్ప మైకు తీసుకున్నాడు. బాలాజీ వైపు వేలు చూపించి, "నువ్వు కుడిచెయ్యి చూసుకో చాలు," అన్నాడు. మొదటి పాట బేస్‌తో మొదలైంది. మెట్ల దగ్గరున్న ఆడవాళ్ళు కూడా కాసేపటికి పోయి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున కొట్టు షట్టర్ ఎత్తేసరికి నల్లచెరువు వాళ్ళు మడతపెట్టిన చీరలతో బయట నిలబడి ఉన్నారని బాలాజీ ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నానికి కుళ్ళాయప్ప నుంచి ఫోన్ వచ్చింది.

"ధర్మవరం ఫంక్షన్లన్నీ క్యాన్సిల్ పాపా. ఒక్కొక్కరే చేస్తాండారు."

ఝాన్సీ చేతిలో ఎవరిదో ఫోన్ విప్పి ఉంది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "నన్ను తీసేస్తాండావా అన్నా?"

"తీసేసేదుంటే ఫోన్ చేసి చెప్తానా? మెసేజ్ పెడతా." అవతల డైరీ కాగితాలు తిప్పిన చప్పుడైంది. "ఇంక మడకశిర, కర్నాటక వైపు తిరగాల మనం. కన్నడ పాటలు నేర్చుకో. శనివారం ప్రాక్టీసు."

"సరే అన్నా," అని ఝాన్సీ మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది.