నాకు క్యూ, ఆయనకు కునుకు

"ధర పెరుగుతోంది!" అని హాల్లోంచి మా ఆయన లి-తే అరిచాడు. వంటింట్లో వెదురు మొలకల పొట్టు ఒలుస్తున్న నాకు సరిగ్గానే వినిపించింది. చెవులు మందగించిన మా అత్తయ్యకు మాత్రం "వరద పెరుగుతోంది" అని వినిపించింది. అసలే తుపాన్ల నెల. ఆవిడ సోఫా మీద కాళ్లు ముడుచుకుని, "సూ-యూన్! చెప్పులన్నీ అటక మీద పెట్టు! బియ్యం డబ్బా ఎత్తు! గుమ్మానికి ఇసుక బస్తా అడ్డం వెయ్యి!" అని కేకలు మొదలుపెట్టింది. "వరద కాదమ్మా, పెట్రోలు ధర" అని కొడుకు తాపీగా చెప్పేలోపు చెప్పులూ ఎక్కాయి, బియ్యమూ ఎక్కింది. ఎక్కించిందెవరో చెప్పనక్కర్లేదు. దించిందీ నేనే. తల్లీకొడుకులు మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నారు.

మా ఊరు చాంగ్‌హ్వాలో ఆదివారం మధ్యాహ్నం టీవీలో చెబుతారు, రేపటి నుంచి పెట్రోలు ఎంత పెరుగుతుందో. పెరుగుతుందంటే చాలు, పాత ధరకే పోయించుకోవాలని ఊరంతా బంకు ముందు బారులు తీరుతుంది. ఊరంతా అంటే ఊళ్లో ఆడవాళ్లంతా అని చదువుకోవాలి. మగవాళ్లకు ఆదివారం సెలవు కదా. నాకు క్యూ, ఆయనకు కునుకు.

"నువ్వు ఖాళీయేగా" అంటాడు తాళాలు విసురుతూ. ఆరు రోజులు పళ్ల డాక్టరు దగ్గర పరాయివాళ్ల నోళ్లలోకి దీపం పట్టుకుని నిలబడి, ఏడో రోజు ఈ రెండు నోళ్లకూ వండి పెట్టేదాన్ని ఖాళీ అంటాడు. ఇంతా చేసి ఆ క్యూలో మిగిలేది టీ నీళ్లలో ఉడికించిన ఒక్క గుడ్డు ఖరీదు. ఆ గుడ్డయినా నాకు పెట్టడు.

పెట్రోలు పెరిగినకొద్దీ ఆయన తెలివీ పెరిగింది. వంతెన దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వేస్తాడు. వాళ్లమ్మ నన్ను దులిపేటప్పుడు తను కూడా న్యూట్రల్‌లోనే ఉంటాడు. నేను ఎక్కితే ఏసీ బంద్, "కిటికీ తెరుచుకో, గాలికి డబ్బులడగరు." డబ్బు కట్టి సరదాగా రొయ్యలు పట్టే కొలను దగ్గరికి స్నేహితులతో వెళ్లేటప్పుడు మాత్రం అదే బండి మంచుగది. తిరిగొచ్చాక సీట్లన్నీ ఎర కంపు. ఆ నీచు నీళ్లు తుడిచేదెవరు? ఆయనది పొదుపు, నాది తుడుపు. బంకులో ఊరికే ఇచ్చే కాగితపు రుమాళ్ల పొట్లాలను మా మంచం కింద దొంతరలుగా పేర్చాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క మంచి మాట మిగల్లేదుగానీ, ముక్కు తుడుచుకోవడానికి ఏడు తరాలకు సరిపడా ఉంది.

మొన్న ఒకసారి, మనమే పోసుకుంటే ఇంకాస్త తగ్గిస్తారని నా చేతే పైపు పట్టించాడు. చేతుల మీద ఒలికింది. ఎంత రుద్దినా పోలేదు. రాత్రి అత్తయ్య గిన్నె పక్కకు తోసి, "అన్నం పెట్రోలు కంపు కొడుతోంది, తినేదెలాగమ్మా" అంది. లి-తే నా చెయ్యి లాగి వాసన చూసి మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు నన్ను ఇంకా వదల్లేదు. ఎవరి పొదుపు కంపు అది? ఎవరి చేతికంటింది? ఆ రాత్రి ఆయన పక్కన పడుకోవాలంటే రోత పుట్టి, నా చేతుల్ని నేనే దిండు కింద దాచుకున్నాను.

నాకంటూ ఒక్కటే ఉంది. మునిసిపాలిటీ ఈతకొలనులో ఆదివారం మూడింటికి ఆడవాళ్ల తరగతి. నలభై ఆరేళ్లొచ్చాక చేరాను. నీళ్లలో తల ముంచితే ఎవరు పిలిచినా వినిపించదు, అందుకని. ఈ క్యూల వల్ల ఇప్పటికే చాలా తరగతులు పోయాయి. ఇవాళ పరీక్ష. కొలను ఒక్కసారి అడ్డంగా దాటాలి. రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని టీచరు చెప్పేసింది. ఆ సంగతి లి-తేకు చెప్పాను కూడా. "ఈ వయసులో ఈదుకుంటూ ఏ దేశం పోతావు? ముందు బంకుకు పో" అన్నాడు.

పోయాను. ఎండలో, కిటికీలు తెరుచుకుని, అంగుళం అంగుళం. నా ముందు టోఫూ అమ్మే ఒకావిడ నీలం ట్రక్కు. ఇంజను ఆపి దిగి, టోపీతో విసురుకుంటూ నా కిటికీ దగ్గరికొచ్చింది.

"మీ ఆయనేం చేస్తున్నాడు చెల్లీ?"

"నిద్రపోతున్నాడు. మీ ఆయన?"

"మా ఆయన కష్టపడుతున్నాడమ్మా. క్యూ ఎంతదాకా వచ్చిందో నిమిషానికోసారి ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు."

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే ముందుకూ వెనక్కూ చూశాను. ప్రతి కిటికీలోనూ ఆడమొహమే. ఒకావిడ ఒళ్లో చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఇంకొకావిడ స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోతోంది. నవ్వు ఆగిపోయింది. నా ముందున్న పెట్రోలు ముల్లు చూశాను. ట్యాంకు ముప్పావు నిండే ఉంది. పోయిన వారమూ అంతే. అంతకు ముందూ అంతే.

గడియారం రెండున్నర దాటింది. స్టీరింగు పక్కకు తిప్పాను. బండి వరస తప్పి అడ్డంగా నిలబడింది. అంతే, గొడవ మొదలైంది.

"ఆగిపోయిందా అక్కా?" అంటూ బంకు అతను పరుగున వచ్చాడు. "తోద్దాం రండమ్మా!" అని టోఫూ ఆవిడ కేకేసింది. చిక్కుడుకాయలావిడ దిగింది, నిద్రపోయినావిడ లేచొచ్చింది. ముగ్గురు ఆడవాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి నా బండి వెనక చేరారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్లో లి-తే.

"ఏంటా గోల? బండి చెడగొట్టావా?"

వెనక అత్తయ్య: "ఎవర్నైనా గుద్దిందేమో అడుగురా!"

కిటికీలోంచి తల బయటికి పెట్టి, తోసేవాళ్లకూ, బంకు అతనికీ, ఫోన్లో ఉన్న ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్పాను.

"ఎవరూ తొయ్యొద్దు, బండికేమీ కాలేదు. ఎవర్నీ గుద్దలేదు అత్తయ్యా. లి-తే, ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఉంటూనే ఉంది. నువ్వు నన్నిక్కడికి పంపేది పెట్రోలు కోసం కాదు, నేను ఇంకెక్కడికీ వెళ్లకూడదని. నాకు మూడింటికి ఈత పరీక్ష. వెళ్తున్నాను, దారివ్వండి."