మూత కరిగిన ఫ్లాస్కు

ఫైర్‌మన్ మొగిలి నీళ్ల పైపును కాలితో తొక్కుకుంటూ లోపలి నీరు వెళ్లగొడుతున్నాడు. ఐటీ టవరు సెల్లారులో తెల్లవారుజామున అంటుకున్న మంట ఆరి గంట దాటింది. చీలమండల దాకా నల్లనీళ్లు. వాచ్‌మెన్ గదిలోంచి కొక్కేలతో లాగి పారేసిన పరుపు, బల్ల, పైకప్పు వైర్లు ర్యాంపు పక్కన ఒకే కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప మీద మరో రెండుసార్లు నీళ్లు కొడితేగాని ఫైరువాళ్లకు నమ్మకం కుదరదు. మొగిలి ఎడమ మోకాలు ఎప్పటిలాగే సలుపుతోంది.

మంటకు కారణం తేల్చే ఆఫీసరు చలపతిరావు ప్యాంటు మడిచి దిగాడు. కుప్పను చూసి నిట్టూర్చాడు.

“బాగానే ఆర్పారయ్యా. నాకేం మిగిల్చారు? షార్టు సర్క్యూటో కాదో తేల్చాలంటే ఏ వైరు ఎక్కడిదో చెప్పండి చూద్దాం.”

అంటూనే మొగిలి వైపు తిరిగాడు.

“వాచ్‌మెన్ స్వామి టీ పెట్టుకోబోయి తగలబెట్టాడంటున్నారు బిల్డింగువాళ్లు. ముందు లోపలికెళ్లింది నువ్వేగా? సిలిండరు వాల్వు తెరిచి ఉందా?”

మొగిలి తన కుడిచేతిని చూసుకున్నాడు. పొగలో ముందు స్వామిని ఈడ్చుకొచ్చాడు. మళ్లీ వెళ్లి, చిన్న సిలిండరును తడిమి వాల్వు బిగించాడు. అప్పుడది తిరిగిందా, ముందే బిగిసి ఉందా? చేతికి మందపాటి గ్లవుజు. చేతికి అలవాటైన పని, అతన్ని అడిగి చెయ్యలేదు. ఇంట్లోనూ అంతే, పడుకోబోయే ముందు ఆ చెయ్యి స్టవ్ దగ్గరికి పోతుంది. “లేని మంటకు గూడ పహారా కాస్తవు,” అని భార్య రజిత నవ్వుతుంది. ఉద్యోగంలో చేరిననాడు ముందు గ్యాసు కట్టెయ్యమని నేర్పారు. కట్టేముందు ఎట్లా ఉందో చూసిపెట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

“యాదికి లేదు సార్.”

“అయితే వాళ్ల మాటే నిలబడుతుంది.”

అప్పుడే స్వామి భార్య సాయమ్మ ర్యాంపు దిగి వచ్చింది. దవాఖానలో ఆయన ఆధార్ కార్డు అడిగారట, గదిలో ఉందేమోనని. పై అంతస్తులు ఊడ్చే యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది.

“అన్నా, నువ్వేనట గదా బయటికి తెచ్చింది. నీ కాళ్లు మొక్కుత, ఆయన మీద మాట రానియ్యకు. ఆ గ్యాసు పొయ్యి పగటి డ్యూటీ వాచ్‌మెన్‌ది. ఈయనకు నేనే ఫ్లాస్కు నిండ చాయ్ పోసిచ్చిన. తెల్లారిందాంక అదే తాగుతడు.”

మొగిలి కొక్కెం పట్టుకుని గదిలోకి వెళ్లాడు. ఎవరూ గెలకని మూల ఒక్కటే మిగిలింది. అక్కడ గోడగూట్లో మసిబట్టిన స్టీలు ఫ్లాస్కు. ప్లాస్టిక్ మూత కరిగి మెడకు కరుచుకుంది. అతని చెయ్యి ముందుకు పోయింది. ఎత్తితే బరువే చెప్పేస్తుంది. ఆ చేతిని రెండో చేత్తో పట్టి వెనక్కి తీసుకున్నాడు.

“ఇటు రాండ్రి సార్. దీన్ని ఎవ్వలు ముట్టలే.”

చలపతిరావు వంగి చూశాడు. గొంతు తగ్గింది. “కదిలించొద్దు. ఉన్నచోట ఉన్నట్టే ఫొటో తీసి, అప్పుడు తెరుద్దాం. చాయ్ ఉంటే ఆమె మాటకు బలం.”

వెనక సాయమ్మ ఫోను మోగింది. విన్నది. “ఎప్పుడు పోయిండు?” అన్నది. ఫోను జేబులో పెట్టుకుని, ఆధార్ కార్డు మాటెత్తకుండా ర్యాంపెక్కి వెళ్లిపోయింది.

ఫొటోలు తీసేవాళ్లు ఇంకా రాలేదు. డ్యూటీ దిగే వేళ దాటినా మొగిలి గుమ్మంలోనే నిలబడ్డాడు, పైపును ఆ మూలకు రానివ్వకుండా. గూట్లో ఫ్లాస్కు, లోపల చాయ్ ఉందో లేదో చెప్పకుండా, స్వామి పెట్టినచోటే ఉంది.